బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? డిస్కులు మార్చే ముందు కొలిపించండి

హైవే మీద 100 కిలోమీటర్ల వేగంతో సాఫీగా సాగుతున్న కారులో, టోల్ గేటు దగ్గరపడి బ్రేకు మీద కాలు పెట్టగానే స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ వణకడం, వేగం 60కి దిగేసరికి ఆ వణుకు దానంతట అదే తగ్గిపోవడం కారు నడిపే చాలామందికి తెలిసిన అనుభవమే. వర్క్‌షాప్‌కు తీసుకువెళ్తే సాధారణంగా వినిపించే జవాబు ఒక్కటే: "డిస్కులు బెండ్ అయిపోయాయి సార్, రెండూ మార్చేద్దాం." మారిస్తే వణుకు పోతుంది కూడా. అయితే అసలు కారణాన్ని అలాగే వదిలేసి డిస్కులు మాత్రమే మార్చిన కార్లలో, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అదే వణుకు మళ్లీ మొదలవుతుంది. మా కారు విషయంలో జరిగింది అదే. ఒక వర్క్‌షాప్‌లో ముందు చక్రాల డిస్కులూ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు), ప్యాడ్లూ (వాటిని రెండు వైపులా నొక్కి ఆపే దిమ్మలు) కొత్తవి వేశారు. కొన్ని నెలలు బాగానే ఉంది. ఆ తరువాత విశాఖపట్నం నుంచి రాజమండ్రి వైపు వెళ్తూ వేంపాడు టోల్ గేటు దగ్గర వేగం తగ్గిస్తుంటే స్టీరింగ్ మళ్లీ అదే రకంగా ఊగింది. కొత్త డిస్కులు ఇంత త్వరగా ఎందుకు పాడయ్యాయన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకలేదు. ఆ జవాబు కోసం నేను చదివి తెలుసుకున్నవీ, గాజువాక ఆటోనగర్‌లో ఒక పాత లేతు మేస్త్రి దగ్గర నిలబడి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను.

చక్రం విప్పకముందే, వణుకు ఎప్పుడు వస్తోంది, ఎక్కడ తెలుస్తోంది అన్నది గమనిస్తే సగం పని అయిపోతుంది. బ్రేకు ముట్టుకోకపోయినా 80 నుంచి 110 కిలోమీటర్ల వేగం మధ్య స్టీరింగ్ వణుకుతుంటే ముందుగా చూడాల్సింది బ్రేకులను కాదు, వీల్ బ్యాలెన్సింగ్‌నూ, టైరు ఎక్కడైనా ఉబ్బిందా, రిమ్ము వంగిందా అన్నదీ. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వస్తూ, అది స్టీరింగ్‌లో తెలుస్తుంటే ముందు చక్రాల బ్రేకులను అనుమానించాలి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, కింది ఫ్లోరు అదురుతుంటే వెనక చక్రాలను చూడాలి. వెనక డిస్కులకు బదులు డ్రమ్ములు (గిన్నెలాంటి బ్రేకులు) ఉన్న కారయితే దీన్ని తేల్చుకోవడానికి ఇంకొక దారి ఉంది. ముందూ వెనకా ఎవరూ లేని తిన్నని పొడి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో, హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కిపట్టి ఉంచి, లివర్‌ను నెమ్మదిగా కొద్దికొద్దిగా పైకి లాగాలి. వణుకు వస్తే కారణం వెనక ఉన్నట్టే, ఎందుకంటే ఆ కార్లలో హ్యాండ్ బ్రేక్ పనిచేయించేది వెనక బ్రేక్ షూలనే. హ్యాండ్ బ్రేక్ స్విచ్‌తో పనిచేసే కార్లలో ఈ పరీక్ష చేయకూడదు. ఇక తడి రోడ్డు మీదో ఇసుక మీదో గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడల్ కింద టకటకమని కొట్టుకోవడం ఏబీఎస్ (చక్రాలు జారకుండా బ్రేకు పట్టును సర్దే వ్యవస్థ) తన పని తాను చేయడమే తప్ప లోపం కాదు. పొడి రోడ్డు మీద మామూలుగా ఆపుతున్నప్పుడు, కారు ఆగబోయే ఆఖరి క్షణంలో మాత్రమే అలా కొట్టుకుంటుంటే చక్రం దగ్గరి ఏబీఎస్ సెన్సార్‌నూ, దాని పళ్ల రింగునూ చూపించాలి.

వణుకు ఎక్కువ వేగంలో వచ్చి తక్కువ వేగంలో ఎందుకు పోతుందో చిన్న లెక్కతో అర్థమవుతుంది. మా కారుకున్నవి 185/65 ఆర్15 టైర్లు, వాటి చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 27.8 మీటర్లు వెళ్తుంది కాబట్టి చక్రం సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. డిస్కులో ఒక చోట లోపం ఉంటే అది సెకనుకు 14 సార్లు ప్యాడ్ల మధ్యకు వస్తుంది, అంటే బ్రేకు పట్టు సెకనుకు 14 సార్లు పెరిగి తగ్గుతుంది. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ కలిసి సహజంగా ఊగే వేగం చాలా కార్లలో ఈ దరిదాపుల్లోనే ఉండటం వల్ల చిన్న అదురు కూడా చేతికి పెద్దగా తెలుస్తుంది. వేగం 60కి తగ్గితే తిరుగుడు సెకనుకు 8 లేదా 9కి పడిపోతుంది. డిస్కులో లోపం అలాగే ఉన్నా, దానికి వంతపాడే భాగం ఏదీ లేక వణుకు తగ్గిపోతుంది. ఊళ్లో తిరిగినంతకాలం తెలియని లోపం హైవే ఎక్కగానే బయటపడటానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బెండ్ అయిందని పక్కన పడేసే డిస్కుల్లో చాలావాటిలో ఉండే లోపం వంపు కాదు, మందంలో తేడా. డిస్కు చుట్టూ అన్నిచోట్లా మందం ఒకే తీరుగా ఉండాలి. ఒకచోట మందంగా, మరొకచోట పలుచగా ఉంటే, మందంగా ఉన్న భాగం ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడు ప్యాడ్‌ను నొక్కే పిస్టన్ వెనక్కు నెట్టబడుతుంది, పలుచని భాగం వచ్చినప్పుడు ముందుకు జరుగుతుంది, ఆ లెక్కన పట్టు మారుతూ ఉంటుంది. ఈ తేడా 0.02 మిల్లీమీటర్లు ఉన్నా స్టీరింగ్‌లో వణుకు తెలుస్తుంది, మనిషి వెంట్రుక మందంలో అది మూడో వంతు కూడా ఉండదు. కంటితో చూసి, వేలితో తడిమి ఇంత చిన్న తేడాను ఎవరూ చెప్పలేరు. చేతిలో డిస్కు పట్టుకుని తిప్పి చూసి బెండ్ అయిందని తేల్చే మాట మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం అదే.

ఆ తేడా ఎలా పుడుతుందన్నది ఇంకా ముఖ్యం. డిస్కు హబ్బు (డిస్కునూ చక్రాన్నీ బిగించే మధ్య భాగం) మీద సరిగ్గా కూర్చోకపోతే, చక్రం తిరుగుతున్నప్పుడు అది కొద్దిగా పక్కకు ఊగుతుంది. లేతు పనివారు దీన్నే అవుట్ అంటారు. విచిత్రంగా, ఈ ఊగు ఒక్కటే మొదట్లో వణుకు తెప్పించదు, ఎందుకంటే క్యాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచి నొక్కే భాగం) తన పిన్నుల మీద అటూ ఇటూ జరిగి దాన్ని సర్దుకుంటుంది. నష్టం బ్రేకు వేయనప్పుడు జరుగుతుంది. ఊగుతున్న డిస్కు ప్రతి చుట్టుకూ ఒకే చోట ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. మా టైరు లెక్కన చక్రం కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది, అంటే 5,000 కిలోమీటర్లకు ఆ ఒక్క చోటే 25 లక్షల రాపిడులు. ఆ చోటు అరిగి పలుచనవుతుంది, లేదా ప్యాడ్ పదార్థం అక్కడ పొరలా అంటుకుంటుంది. రెంటిలో ఏది జరిగినా మందంలో తేడా ఏర్పడి వణుకు మొదలవుతుంది. కొత్త డిస్కులు కొన్ని నెలలు బాగుండి తరువాత వణకడంలో ఉన్న రహస్యం ఇదే. డిస్కు మారింది కానీ, దాన్ని వంకరగా కూర్చోబెట్టిన కారణం హబ్బు మీద అలాగే ఉండిపోయింది.

ఆ కారణం ఎక్కువసార్లు తుప్పు. సముద్రానికి దగ్గరగా ఉన్న విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో తిరిగే కార్లకు హబ్బు ముఖం మీద, ముఖ్యంగా నడిమి బొడిపె చుట్టూ, చక్రాన్ని బిగించే స్టడ్ల మొదళ్ల దగ్గరా తుప్పు పొక్కులు కడుతుంది. డిస్కు విప్పినప్పుడు ఆ తుప్పు పెచ్చు ఒకటి అక్కడే ఉండిపోతే కొత్త డిస్కు దాని మీదే కూర్చుంటుంది. హబ్బు అంచున 0.1 మిల్లీమీటర్ల పెచ్చు ఉందనుకుంటే, డిస్కు హబ్బు కంటే వెడల్పైనది కాబట్టి దాని అంచు దగ్గర ఊగు అంతకు ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. కారులో బిగించాక చాలా కార్లకు అనుమతించే అవుట్ 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల లోపే. అంటే ఒక్క పెచ్చు చాలు, కొత్త డిస్కు మొదటి రోజే హద్దు దాటడానికి.

ఆటోనగర్ మేస్త్రి మా కారును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రం విప్పాక మొదట చేసిన పని బేరింగ్‌లో లూజు ఉందేమో చూడటం. బేరింగ్ ఆడుతుంటే తరువాతి కొలతలన్నీ వృథా. అది గట్టిగానే ఉంది. వీల్ నట్లకు కింద మందపాటి వాషర్లు వేసి డిస్కును హబ్బుకు సమంగా బిగించి, డయల్ గేజ్ (సన్నని ఊగును అంకెల్లో చూపే ముల్లు పరికరం) అయస్కాంతపు పాదాన్ని నకుల్ (హబ్బును మోసే, చక్రంతో తిరగని భాగం) మీద నిలిపి, ముల్లును డిస్కు అంచు నుంచి సుమారు 10 మిల్లీమీటర్లు లోపలికి ఆనించి, చేత్తో ఒక చుట్టు తిప్పాడు. ఎడమవైపు అవుట్ 0.14 మిల్లీమీటర్లు వచ్చింది, కుడివైపు 0.05. ఆ తరువాత మైక్రోమీటర్‌తో (మందాన్ని సూక్ష్మంగా కొలిచే పనిముట్టు) ఎడమ డిస్కు మందాన్ని చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాడు. ఎక్కువ మందానికీ తక్కువ మందానికీ మధ్య తేడా 0.03. ఇక్కడ వెర్నియర్ పనికిరాదు. అది చూపగల కనీస కొలతే 0.02, పైగా అరిగిన డిస్కు అంచున మిగిలే గట్టుకు దాని దవడలు తగులుకుని తప్పుడు మందం చూపిస్తాయి.

డిస్కు ఊడదీసి చూస్తే హబ్బు బొడిపె చుట్టూ తుప్పు వలయం కట్టి ఉంది. వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా శుభ్రం చేసి, హబ్బు ముఖాన్ని విడిగా కొలిస్తే 0.02 లోపే వచ్చింది. అంటే హబ్బు మంచిదే, దాని మీది తుప్పే దోషి. డిస్కు మాత్రం అప్పటికే అరిగి మందంలో తేడా పట్టింది కాబట్టి హబ్బు శుభ్రం చేసినంత మాత్రాన వణుకు పోదు. దాన్ని లేతు మీద టర్నింగ్ కొట్టించాలి (అంటే పైపొర పలుచగా కోయించి సమం చేయించాలి) లేదా మార్చాలి. ఈ రెండింటిలో ఏది అన్నది డిస్కు మీద అచ్చువేసి ఉండే కనీస మందం తేలుస్తుంది. మా డిస్కు మీద 20 మిల్లీమీటర్లని ఉంది, దాని మందం 21.4 ఉంది. అరమిల్లీమీటరు తీసినా ఇంకా ఎంతో మిగులుతుంది కాబట్టి టర్నింగ్‌కే వెళ్లాం. కనీస మందానికి దగ్గరపడిన డిస్కును లేతు ఎక్కించడం దండగ, దాటిన డిస్కును కారులో ఉంచడం ప్రమాదం.

టర్నింగ్ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. డిస్కు హబ్బు మీద కూర్చునే లోపలి ముఖాన్ని ఆధారంగా పెట్టి లేతుకు బిగించాలి, ఆ ముఖం మీది తుప్పు కూడా ముందే తీయాలి. లేతులో పనిని పట్టి ఉంచే చక్‌లో ఎలా పడితే అలా పట్టించి కోస్తే, లేతు మీద చక్కగా తిరిగే డిస్కు కారు మీద ఊగుతుంది. మేస్త్రి ఈ పని ఓపికగా చేశాడు. తిరిగి బిగించాక అవుట్ 0.09 చూపింది. అప్పుడు అతను డిస్కును ఊడదీసి, హబ్బు మీద ఒక్క స్టడ్ రంధ్రం మేర తిప్పి మళ్లీ కూర్చోబెట్టాడు. ఈసారి 0.04. హబ్బులో ఉన్న కొద్దిపాటి ఊగూ డిస్కులో ఉన్న కొద్దిపాటి ఊగూ మొదటిసారి ఒకే వైపు కలిశాయి, రెండోసారి ఒకదాన్నొకటి తగ్గించుకున్నాయి. ఖర్చులేని ఈ చిన్న పనిని ఎన్ని వర్క్‌షాపులు చేస్తున్నాయో తెలియదు కానీ, అందరూ చేయాల్సిన పని ఇది. డయల్ గేజ్, దాని స్టాండ్ కలిపినా ఒక జత డిస్కుల ధర కంటే తక్కువకే దొరుకుతాయి.

చక్రం బిగించే తీరు కూడా ఇదే కోవలోకి వస్తుంది. పంక్చర్ షాపుల్లో స్పానర్ మీద కాలితో తొక్కి బిగించడం, అలైన్‌మెంట్ సెంటర్లలో ఎయిర్ గన్‌తో ఒక నట్టును పూర్తిగా బిగించేశాకే పక్కదానికి వెళ్లడం మనం రోజూ చూస్తున్నదే. ఒకవైపు ఎక్కువ, మరొకవైపు తక్కువ బిగింపు పడితే డిస్కు మధ్యభాగం మీద ఒత్తిడి అసమానంగా పడి ఊగు పుడుతుంది. ముందు నాలుగు నట్లనూ చేత్తో తిప్పి కూర్చోబెట్టి, ఎదురెదురుగా ఉన్నవాటిని విడతలవారీగా బిగించి, చివరి బిగింపును టార్క్ రెంచ్‌తో (నిర్ణీత బలంతో బిగించే స్పానర్) ఇవ్వాలి. చిన్న కార్లకు ఈ అంకె సాధారణంగా 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు అంకె ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పాటించాలి.

క్యాలిపర్ పిన్నుల సంగతి చెప్పకుండా వదలలేను, ఎందుకంటే ప్యాడ్లు మార్చే చాలాచోట్ల వీటిని పట్టించుకోరు. పిన్ను జామ్ అయితే బ్రేకు వదిలాక కూడా ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ వేర్వేరు మందాల్లో అరగడం, లేదా ఒకే ప్యాడ్ ఒక చివర ఎక్కువగా అరగడం దీనికి గుర్తు. పెద్దగా బ్రేకు వాడకుండా కొంతదూరం నడిపి ఆపాక, ఒక చక్రం దగ్గర మిగతా వాటికంటే వేడి ఎక్కువగా తెలుస్తుంటే అదీ గుర్తే (డిస్కును మాత్రం చేత్తో తాకకూడదు). పిన్నులను బయటకు తీసి, పాత గ్రీజు తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పలుచగా పూయాలి. బేరింగ్‌కు వాడే మామూలు గ్రీజు పూస్తే రబ్బరు బూట్లు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. క్యాలిపర్ విప్పినప్పుడు దాన్ని బ్రేక్ హోస్ మీద వేలాడదీయకుండా తీగతో కట్టి నిలపాలి.

డిస్కు కొలతలన్నీ సరిగ్గా ఉన్నా వణుకు మిగిలితే సస్పెన్షన్, స్టీరింగ్ కీళ్లయిన లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు చూడాలి. ఇవి వణుకును పుట్టించవు కానీ, చిన్నదాన్ని పెద్దది చేస్తాయి. చీలిపోయిన బుష్ ఉన్న కారులో 0.01 తేడా కూడా గట్టిగా తెలుస్తుంది. వెనక డ్రమ్ముల విషయం సులభం. డ్రమ్ము గుండ్రని ఆకారం తప్పితే లేతు మీద సరిచేయించవచ్చు, లోపల అచ్చువేసిన గరిష్ఠ వ్యాసం దాటితే మార్చాలి.

వేడి గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతం వారికి అరకు ఘాట్ రోడ్డు తప్పదు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు ఆ ఎత్తు నుంచి మైదానానికి దిగితే వదలాల్సిన శక్తి కోటి జౌళ్లు దాటుతుంది. 100 కిలోమీటర్ల వేగం నుంచి కారును పూర్తిగా ఆపడానికి కావలసిన దానికి అది 20 రెట్లకు పైనే. ఆ శక్తి మొత్తం ఒక్కొక్కటి 5 కిలోల బరువున్న రెండు ముందు డిస్కుల్లోకే వెళ్లి, గాలికి కొంచెం కూడా చల్లారలేదని లెక్క వేస్తే వాటి ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటాలి, డిస్కులు చేసే పోత ఇనుము అంతకు చాలా ముందే కరిగిపోతుంది. నిజానికి చాలా వేడి గాలిలోకి పోతుంది, కొంత శక్తిని టైర్లూ ఇంజనూ తీసుకుంటాయి. ఇంజన్ వాటా పెంచడమే డ్రైవరు చేతిలో ఉన్న పని. అరకు దారిలోని అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో, అవసరమైతే మొదటి గేరులో దిగుతూ, బ్రేకును అంతసేపూ నొక్కిపట్టకుండా వేగం పెరిగినప్పుడు గట్టిగా వేసి వదిలేయాలి. న్యూట్రల్‌లో, అందులోనూ ఇంజన్ ఆపి దిగడం ప్రాణాంతకం. ఇంజన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌కు (పెడల్ నొక్కుడుకు బలం చేర్చే భాగం) వ్యాక్యూమ్ అందక, రెండు మూడుసార్లు నొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

ఘాట్ దిగిన వెంటనే టీ కోసం ఆపితే బ్రేకు పెడల్‌ను బలంగా తొక్కిపట్టి ఉంచకూడదు. ఎర్రగా కాగిన డిస్కు మీద ప్యాడ్ ఒకేచోట ఒత్తుకుని ఉంటే ఆ ముద్ర అక్కడే అంటుకుపోతుంది. చివరి రెండు మూడు కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడి గాలికి చల్లారనిచ్చి, సమతలం మీద కారును గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టి ఆపడం మేలు. వేడిగా ఉన్న చక్రాల మీద వాటర్ వాష్ కొట్టించడం కూడా మానుకోవాలి.

టర్నింగ్ తరువాత ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయడం మిగిలింది. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 కిలోమీటర్లకు మధ్యరకం ఒత్తిడితో వేగం తగ్గించి, పూర్తిగా ఆపకుండా మళ్లీ 60కి చేరి, మధ్యలో కొంత చల్లారనిచ్చి, ఇలా పలుమార్లు చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు అంతటా సమంగా పరుచుకుంటుంది. ఆ తరువాత మళ్లీ అదే హైవే మీద 100 నుంచి బ్రేకు వేస్తే స్టీరింగ్ కదలలేదు. కొన్ని వేల కిలోమీటర్ల తరువాత టైర్ల రొటేషన్‌కు చక్రాలు విప్పించినప్పుడు డయల్ గేజ్ మళ్లీ పెట్టించాను. ఎడమవైపు 0.04 దగ్గరే ఉంది, మందంలో తేడా మైక్రోమీటర్‌కు అందలేదు.

పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతున్నా, బ్రేకు వేయగానే కారు ఒక పక్కకు లాగుతున్నా, ఇనుము ఇనుమును గీరుతున్న శబ్దం వస్తున్నా కొలతల కోసం ఆగకుండా కారును అక్కడే నిలిపి మెకానిక్‌ను పిలవాలి. వణుకు ఒక్కటే ఉంటే తొందరపడాల్సిన పని లేదు. వర్క్‌షాప్‌కు వెళ్లినప్పుడు డిస్కు మందం ఎంత, తేడా ఎంత, అవుట్ ఎంత అన్న మూడు అంకెలను రెండు వైపులకూ విడిగా జాబ్ కార్డు మీద రాయించుకోండి. హబ్బు శుభ్రం చేశాక వచ్చిన అంకెను వేరే వరుసలో రాయమనండి. కొలిచే పనిముట్టు లేదని చెప్పే చోట డిస్కులు మార్పించవద్దు, ఆటోనగర్‌లో లేతు పట్టే మేస్త్రి దగ్గర ఆ పనిముట్టు సాధారణంగా ఉంటుంది.